ఎవరి వైపూ కాని కుర్చీ

చెవి పక్కగా గుయ్యిమంటూ పోయిన పిడక గుడి గోడకు తగిలి పొడిపొడిగా రాలింది. శాంతకుమారి మెట్టు మీద నుంచి కదల్లేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని అలాగే నిలబడింది.

ఉగాది మర్నాటి సాయంత్రం కైరుప్పలలో అలా నిలబడటం మాటలు కాదు. ఊరు రెండుగా చీలి ఉంది. ఈ కొసన కాళికమ్మ వైపు వాళ్లు, ఆ కొసన వీరభద్రుడి వైపు వాళ్లు. మధ్య వీధిలో దుమ్ము తప్ప ఏమీ కనపడటం లేదు. తట్టి ఎండబెట్టిన పిడకలు రెండు వైపులా గుట్టలు పోసి ఉన్నాయి. పక్కూరి పెద్దాయన గుర్రం మీద వచ్చి పూజ చేసి అటు వెళ్లాడో లేదో, ఇటు మొదలైపోయింది. దేవుడు పెళ్లికి జాప్యం చేశాడని దేవత తరఫు వాళ్లకు వచ్చిన కోపం ఇది. ఆ ఇద్దరికీ కల్యాణం జరిపించేదాకా ఊళ్లో ఎవరూ మధ్యస్థులు కారు. ఏ ఇంట్లో పుడితే ఆ వైపు.

శాంతకుమారి పుట్టింది కాళికమ్మ వైపు ఇంట్లో. ఆదోనిలో పత్తి వ్యాపారి ఇంటి కోడలైనా, మూడుసార్లు ఎమ్మెల్యే అయినా, ఏటా ఈ రోజుకు వచ్చి కొంగు బిగించి నాలుగు పిడకలు విసిరి పోయేది. ఈసారి మాత్రం విసరనని ముందే చెప్పి వచ్చింది. సోమవారం శాసనసభలో కొత్త స్పీకర్ ఎన్నిక. అధికార పార్టీ నుంచి వినపడుతున్న పేరు ఆమెదే.

పాత స్పీకర్ ఆరోగ్యం బాగాలేదని రాజీనామా చేశాడు. ఆయన ముఖ్యమంత్రి కళ్లలోకి చూసి గంట కొట్టేవాడు, ముఖ్యమంత్రి కళ్లలోకి చూసి మైకు ఇచ్చేవాడు. ఆ కుర్చీ తనకు కావాలనే కోరిక శాంతకుమారికి పుట్టింది ఆ గంట వినీ వినీ. రెండు వారాలుగా రెండు పక్షాల సభ్యులకూ ఫోన్లు చేస్తోంది. అందరికీ ఒకటే చెప్పింది. గడియారం మీకు ఎంత తిరుగుతుందో వాళ్లకూ అంతే తిరుగుతుంది, అంతకు మించి నేను ఇచ్చే మాట లేదు.

"అక్కా, మనోళ్లు ఎనక్కి పోతాండారు. నువ్వు ఊరికే సూస్తా నిలబడతావా?"

దేవేంద్రప్ప మెట్ల కింద నుంచి అరుస్తున్నాడు. నిలువెల్లా పిడకల పొడి. ఆమె వీధిలోనే పుట్టి, ఆమె మొదటి ఎన్నిక నుంచీ పార్టీ పని భుజాన వేసుకున్నవాడు. రెండు మెట్లు ఎక్కి ఒక పిడక ఆమె చేతిలో కుక్కాడు. విసరొద్దులే, ఊరికే పట్టుకో, మనోళ్లకు ధైర్యంగా ఉంటుంది అన్నాడు. వెనక్కి ఇచ్చేలోపే గుంపులోకి దూకేశాడు.

అవతలి వైపు ముందు వరసలో బసవరాజు ఉన్నాడు. ఎమ్మిగనూరులో ఉండే ప్రతిపక్ష ఎమ్మెల్యే. తల్లి పుట్టిల్లు ఇక్కడే, వీరభద్రుడి వైపు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, ఎడమ చంకలో పిడకలు పెట్టుకుని, కుడిచేత్తో గురి చూసి విసురుతున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"ఏం శాంతక్కా, స్పీకరైతే చేతులు పడిపోతాయా?"

ఆమె కూడా నవ్వి ఊరుకునేదే. అంతలో దుమ్ములో మల్లన్న పడ్డాడు. ఆమెకు చిన్నాయన వరస, డెబ్బై దాటిన మనిషి, ఎవరు వద్దన్నా వినకుండా దిగాడు. పడ్డవాడి మీద విసరకూడదనేది ఆ ఊరి కట్టుబాటు. మోకాళ్ల మీద లేవబోతున్న మల్లన్న వీపు మీద ఒక పిడక పగిలింది. వెంటనే ఇంకొకటి. అవి బసవరాజు ఉన్న చోటు నుంచే వచ్చాయి.

శాంతకుమారి చెయ్యి ముందు లేచింది, బుద్ధి తర్వాత లేచింది. పిడక దుమ్మును చీల్చుకుంటూ పోయి బసవరాజు కనుబొమ్మ మీద పగిలింది. అతని చెయ్యి నుదుటికి పోయింది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది.

కాళికమ్మ వైపు కేకకు ఊరంతా దద్దరిల్లింది. మెట్ల పక్కన నిలబడి ఉన్న కుర్రాళ్ల చేతుల్లో ఫోన్లు అన్నీ ఆమె వైపే ఉన్నాయి.

* * *

శనివారం పొద్దున ఆదోనిలో ఆమె ఇంటి హాల్లో టీవీ ఆ ఒక్క దృశ్యాన్నే తిప్పి తిప్పి చూపిస్తోంది. ఆమె చెయ్యి లేవడం, పిడక పోవడం, బసవరాజు నుదురు పట్టుకోవడం. మల్లన్న పడటం అందులో లేదు. ఫోన్లో వీడియో తీసినవాడికి అది కనపడలేదు. కుర్చీ ఎక్కకముందే ప్రతిపక్షం మీద దాడి అని కింద ఎర్ర అక్షరాలు పరుగెడుతున్నాయి.

ఆమె భర్త రామసుబ్బయ్య పత్తి యార్డుకు బయల్దేరబోయి చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చాడు. పక్కన కూర్చుని ఒకసారి చూశాడు. రెండోసారీ చూశాడు.

"గురి మాత్రం బాగుంది శాంతా. కైరుప్పలలో విసిరితే విజయవాడలో తగిలింది."

ఆమెకు నవ్వు రాలేదు. రెండు వారాలు ఫోన్లో కూడగట్టుకున్నదంతా ఒక్క పిడకతో పోయినట్టే ఉంది. ప్రతిపక్షంలో నలుగురైదుగురు పెద్దవాళ్లు మనసులో మీరే ఉన్నారమ్మా అని చెప్పినవాళ్లు. పొద్దున్నుంచి వాళ్ల ఫోన్లు మోగి మోగి ఆగిపోతున్నాయి.

సొంత పార్టీ మాత్రం వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నం కాకముందే పార్టీ ప్రధాన కార్యదర్శి అనిల్ కారు వాకిట్లో ఆగింది. నలభై దాటని మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కింద గదిలో ఉన్న పార్టీ ఆఫీసులో అందరినీ పలకరించి, పైకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. ముఖం వెలిగిపోతోంది.

ముఖ్యమంత్రి పెద్దాయన ఆ వీడియో చూసి చాలాసేపు నవ్వారని చెప్పాడు. ఇన్నాళ్లూ మీ మీద చిన్న అనుమానం ఉండేది మేడమ్, లాయరు బుద్ధి కదా, రూలు రూలు అంటారని. ఇప్పుడు తేలిపోయింది, ఆమె మన మనిషే అన్నారు. మీ పేరు ఖాయం.

శాంతకుమారి మంచినీళ్ల గ్లాసు అతని ముందు పెట్టింది. మెచ్చుకోలు వింటుంటే నిన్న మెట్ల మీద కంటే ఎక్కువ సిగ్గేసింది.

"దానికి బదులు నేనేం చెయ్యాలి అనిల్?"

"ఏమీ చేయక్కర్లేదు మేడమ్. చేయకపోతే చాలు."

విషయం ఆమెకు తెలిసిందే. ఆరు నెలల కిందట ప్రతిపక్షంలో గెలిచిన ముగ్గురు టీవీల ముందు అధికార పార్టీ కండువాలు కప్పుకున్నారు. ఫిరాయించినందుకు వాళ్ల సభ్యత్వం రద్దు చేయమని ప్రతిపక్షం పిటిషన్లు వేసింది. వాటిని తేల్చాల్సింది స్పీకరే. పాత స్పీకర్ కనీసం నోటీసు కూడా ఇవ్వకుండా బల్ల కింద పడేశాడు. సభలో రెండు పక్షాల మధ్య తేడా చేతివేళ్లతో లెక్కపెట్టేంత. ఆ ముగ్గురూ పోతే ప్రభుత్వం గాలిలో దీపమే.

సభ గడువు తీరేదాకా ఆ పిటిషన్లు అలాగే నిద్రపోవాలన్నాడు అనిల్. పెద్దాయనకు ఫోన్ చేసి ఒక్క మాట, సరే అనండి. రాతకోతలు ఏమీ ఉండవు.

ఆమె సాయంత్రం దాకా గడువు అడిగింది. అనిల్ వాచీ చూసుకుని, పేరు ప్రకటించేది ఆరింటికని చెప్పి కిందికి వెళ్లాడు.

గడపలో రామసుబ్బయ్య నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టే ఉన్నాడు. ఎక్కడికి బయల్దేరుతున్నావన్నట్టు ఆమె చేతిలోని కారు తాళం వైపు చూశాడు.

"ఎమ్మిగనూరికి. దెబ్బ తగిలినోడికి విభూతి పెట్టొద్దా?"

* * *

దేవేంద్రప్ప బండి నడుపుతూ దారి పొడుగునా నచ్చజెప్పాడు. ఇప్పుడు ఊ అను అక్కా, కుర్చీ ఎక్కినాక నీ ఇష్టం, నిన్ను దించేదెవరు అన్నాడు. మన ప్రాంతం నుంచి స్పీకరంటే ఆదోనికే పేరు, నేను పది ఊళ్లలో టపాకాయలు చెప్పి పెట్టినా అన్నాడు. చివరికి అసలు బాధ బయటపెట్టాడు. ఆ బసవరాజు ఇంటికి మనం పోవడమేంది, మన పార్టీ వాళ్లు చూస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాల అని.

"పిడక నా చేతికి ఇచ్చింది నువ్వే గదా దేవేంద్రప్పా."

అతను గేరు మార్చి బండి వేగం పెంచాడు.

బసవరాజు ఇల్లు మగ్గాల వీధిలో ఉంది. కారు ఆగగానే పక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది, ఆ పక్క ఇంట్లోదీ ఆగింది. జనం వాకిళ్లలోకి వచ్చారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు. దేవేంద్రప్ప కారు దిగనన్నాడు. ఆమె ఒక్కతే మెట్లెక్కింది.

అరుగు మీద బసవరాజు తల్లి మద్దమ్మ రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. కొడుకు ఎమ్మెల్యే అయినా ఆ పని మానలేదు. తల ఎత్తి చూసి, రాట్నం ఆపకుండానే పలకరించింది.

"రా మే శాంతా. ఇంగో కన్ను మిగిలింది, దాన్నీ కొట్టిపో."

"అందుకే వచ్చినాలే పెద్దమ్మా. యాడున్నాడు?"

బసవరాజు లోపలి నుంచి వచ్చాడు. ఎడమ కనుబొమ్మ మీద ప్లాస్టరు, కింద కన్ను నల్లగా వాచి ఉంది. ఆమెను చూసి ఒక్క క్షణం ఏ ముఖం పెట్టాలో తెలియక నిలబడ్డాడు. మద్దమ్మ కుర్చీ చూపించింది. విసిరిన చెయ్యే విభూతి పెట్టాల, అప్పుడే అది మానేది, మా నాయన ఉన్నప్పటి నుంచీ అదే, కూర్చో అంది కొడుకును. అతను కూర్చున్నాడు. శాంతకుమారి గుడి నుంచి తెచ్చిన పొట్లం విప్పి, ప్లాస్టరు చుట్టూ వేలితో మెల్లగా రాసింది. వాచిన చోట వేలు తగిలినప్పుడు అతను పళ్లు బిగబట్టాడు.

"మల్లన్న చిన్నాయన మీద విసిరింది నువ్వు కాదు గదా?"

"కాదు. నా ఎనకాలోడు. పేరు మాత్రం సెప్పను."

"అడగను. నేను చూడకుండా కొట్టినా బసవా. నువ్వు ముందరున్నావు, నిన్ను కొట్టినా. అది తప్పు."

మద్దమ్మ రాట్నం ఆగింది. బసవరాజు ప్లాస్టరు తడుముకుంటూ తల్లి వైపు చూశాడు. ఆమె లేచి మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పటికి అతనిలో ఎమ్మెల్యే మేలుకున్నాడు.

తమ నాయకుడితో పొద్దునే మాట్లాడానన్నాడు. ఈ వీడియో సంగతి నేను చూసుకుంటా, అది మా ఊరి పండగ అని నేనే టీవీలో చెబుతా. మా వాళ్లందరి ఓట్లూ నీకే పడేట్టు చేస్తా. అధికార పార్టీ నీ పేరు పెట్టినా, పెట్టకపోయినా సరే.

"ఒక్కటే అక్కా. ఆ ముగ్గురి మీద నెల లోపల వేటు పడాల."

బయట మగ్గాలు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలయ్యాయి. శాంతకుమారి చేతికి అంటిన విభూతి తుడుచుకుంది. అనిల్ అడిగింది చేయకుండా ఉండమని. ఇతను అడిగేది చేయమని. రెండిట్లో ఇదే న్యాయానికి దగ్గరగా ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

"వాళ్లను పిలవకముందే తీర్పు అడుగుతాండావు."

"పిలిచేదేముంది? వాళ్లు కండువా కప్పుకుంది టీవీలో రాష్ట్రమంతా చూసింది."

"నిన్న నేను విసిరింది కూడా రాష్ట్రమంతా చూసింది. నువ్వు ప్రతిపక్షమని కొట్టినానని అందరూ అనుకుంటాండారు. అది నిజమా?"

బసవరాజు ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు.

"నోటీసు ఇస్తా. తేదీ పెడతా. వాళ్లు చెప్పేది వింటా, మీరు చెప్పేది వింటా. దాచి పెట్టను, లాగను. వేటు పడుతుందో లేదో ఈరోజు నాకే తెలీదు. తెలిస్తే నేను ఆ కుర్చీకి పనికిరాను."

అతను తల అడ్డంగా ఊపాడు. ఇంత మాత్రానికి మా నాయకుడు ఒప్పుకోడక్కా, మాతో కాదులే అన్నాడు. మద్దమ్మ తెచ్చిన మజ్జిగ ఆమె నిలబడే తాగింది.

కారు ఊరు దాటగానే అనిల్ ఫోన్ వచ్చింది. ఇంకా ఆరు కాలేదు. ఆమె దేవేంద్రప్పను బండి పక్కకు ఆపమంది. రోడ్డు పక్క కోసేసిన పత్తి చేను, ఎండిన కట్టెల మధ్య మేకలు. కిందికి దిగి, పిటిషన్లు విచారణకు తీసుకుంటాను, ఎటు తేలుతుందో చెప్పలేను అని ఫోన్లో చెప్పింది. అనిల్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. మీ ఇష్టం మేడమ్ అని పెట్టేశాడు.

విచిత్రంగా, ఆమెకు సంతోషంగా ఉంది. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పింది. స్పీకర్‌గా తను చేసిన మొదటి పని ఇదేనేమో, చివరిది కూడా ఇదేనేమో అనుకుంది.

దేవేంద్రప్ప స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు.

"రెండు దిక్కులా పోగొట్టుకుంటివి గదక్కా."

* * *

ఆదోని చేరేసరికి టీవీలో పేరు వచ్చేసింది. అధికార పార్టీ అభ్యర్థి శ్రీనివాసులు. ఎన్నడూ సభలో నోరు తెరవని మనిషి. కింద ఆఫీసులో ఉన్న పార్టీ వాళ్లు ఒక్కొక్కరుగా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. అనిల్ కారు ఎప్పుడో వెళ్లింది.

శాంతకుమారి పైకి వెళ్లి తెల్ల కాగితం తీసింది. స్పీకర్ పదవికి ఎవరూ తన పేరు తాను పెట్టుకోకూడదు. ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, పోటీకి ఒప్పుకుంటున్నానని అభ్యర్థి రాసివ్వాలి. గడువు ఆదివారం మధ్యాహ్నం. ఒప్పుకుంటున్నానని సొంత చేతివ్రాతతో రాసింది. సంతకం పెట్టింది.

ప్రతిపాదించేవాళ్ల కోసం ఫోన్లు మొదలుపెట్టింది. సొంత పార్టీలో ఒకాయన కూతురి నిశ్చితార్థంలో ఉన్నానన్నాడు. మరొకాయన విప్ జారీ చేస్తారటమ్మా, పార్టీ చెప్పినట్టు ఓటెయ్యకపోతే నా సీటు పోతుంది, మీదీ పోతుంది అని గుర్తుచేశాడు. అది ఆమెకు తెలియక కాదు. సొంత పార్టీ అభ్యర్థి మీద నిలబడితే మొదటి పిటిషన్ తన మీదే పడుతుంది. ఆ సంగతి రామసుబ్బయ్యకూ చెప్పింది. ఎమ్మెల్యేగిరీ కూడా పోవచ్చు అంది.

"పోతే యార్డుకు రా. పత్తి వేలం పాడేటప్పుడు ఒక గట్టి గొంతు కావాల."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే కింద కారు తలుపు చప్పుడైంది. దేవేంద్రప్ప గొంతు, అడ్డుపడుతున్నట్టు. మెట్ల మీద అడుగులు. గుమ్మంలో బసవరాజు. ప్లాస్టరు చుట్టూ విభూతి ఇంకా అలాగే ఉంది.

"వాళ్లకూ కాదన్నావంట."

"ఎవరు చెప్పినారు?"

"నీ పేరు పోయి శ్రీనివాసులు పేరు వచ్చిందంటే ఇంగెవరు సెప్పాల?"

నిలబడే చెప్పాడు, ఊపిరి తీసుకోకుండా. టీవీ చూడగానే నాయకుడికి మళ్లీ ఫోన్ చేశాడట. ఆయన ఈ గొడవ మనకెందుకన్నాడట. అప్పుడు తను అడిగాడట, ఆమె మనకు ఊ అని ఉంటే వాళ్లకూ ఊ అని ఉండేది, ఇద్దరికీ ఒకే మాట చెప్పిందంటే మనకు ఇంతకంటే ఏం కావాలి, కనీసం తేదీ అయినా వేస్తుంది కదా అని. ఆరు నెలలుగా ప్రతిపక్షానికి దొరకనిది ఆ తేదీయే. నాయకుడు అరగంట తర్వాత తిరిగి ఫోన్ చేసి సరే అన్నాడట.

"నేను ప్రతిపాదిస్తా. బలపరిచేవాళ్లు ఆడున్నారు. కాగితం ఇయ్యి, రాత్రికి రాత్రి పోవాల."

"మీకు అనుకూలంగా తీర్పు రాకపోతే?"

"తిడతా. తిట్టేదానికైనా ఒక తీర్పు ఉంటాది గదా."

దేవేంద్రప్ప తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఓడిపోతే ఓడిపోదాం అక్కా, వాళ్ల చేతి మీదుగా మాత్రం వద్దు అన్నాడు. పదిహేనేళ్లుగా గోడల మీద ఆ పార్టీ వాళ్ల పోస్టర్లు కనపడితే చాలు, వాటి మీద మన పోస్టర్లు అంటించినవాణ్ణి నేను అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరగడం ఆమె మొదటిసారి చూసింది.

ఆమె అతని దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఇంకో చేత్తో కాగితం బసవరాజుకు ఇచ్చింది.

* * *

ఆదివారమంతా ఫోన్ చేతిలోనే ఉంది. ఆమె విజయవాడ దారిలో ఉండగానే నామినేషన్ వార్త బయటికి పొక్కింది. బసవరాజు ప్లాస్టరుతోనే టీవీలో కనపడ్డాడు. నన్ను కొట్టినామె పేరు నేనే ప్రతిపాదించినా, మా ఊరి పండగ తెలిసినోళ్లకు ఇది అర్థమైతాది అన్నాడు. ఆ మాట అన్ని ఊళ్లలోనూ తిరిగింది.

మధ్యాహ్నం నుంచి సొంత పార్టీ వాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. గొంతులు తగ్గించి, బాత్రూముల్లోంచి, కారు వెనక సీట్లలోంచి. విప్ ఉందమ్మా, అయినా రేపు నా చెయ్యి ఎటు లేస్తుందో నాకే తెలీదు అన్నాడొకాయన. నిన్న నిశ్చితార్థంలో ఉన్నానన్నాయన ఈ సాయంత్రానికి నిశ్చితార్థం అయిపోయిందన్నాడు. ఎంతమందో ఆమె లెక్క రాసుకోలేదు. రాస్తే ఆశ పెరుగుతుందని భయం. కానీ పార్టీ మాత్రం లెక్క వేసుకుంది.

సోమవారం పొద్దున సభకు బయల్దేరుతుండగా అనిల్ నుంచి పిలుపు. గొంతులో తేనె.

"మేడమ్, శ్రీనివాసులు గారు ఉపసంహరించుకుంటున్నారు. మొదటి నుంచీ మా అభ్యర్థి మీరే కదండీ, మధ్యలో చిన్న గందరగోళం. ఏకగ్రీవం అని పెద్దాయన స్వయంగా చెబుతారు."

"ఏమైనా మాట ఇవ్వాలా?"

అబ్బే అన్నాడు అనిల్.

ఒక చెయ్యి ముఖ్యమంత్రి పట్టుకుని, ఇంకో చెయ్యి ప్రతిపక్ష నాయకుడు పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్లారు. ఇద్దరి అరచేతులూ చల్లగా ఉన్నాయి. ఆమెవి వేడిగా ఉన్నాయి. కూర్చోగానే సభ ఎంత పెద్దదో తెలిసింది. ఇన్నేళ్లూ ఆమె ఒక వైపు నుంచే చూసింది. ఇక్కడి నుంచి రెండు వైపులా ఒకేలా కనపడుతున్నాయి, అవే ముఖాలు, అవే తొందర.

ఆ సాయంత్రమే పార్టీ ప్రాథమిక సభ్యత్వానికి రాజీనామా రాసి పంపింది. స్పీకర్ అయినవాళ్లు అలా చేస్తే ఫిరాయింపు కిందికి రాదు. చట్టంలో ఆ వీలు ఉంది, వాడేవాళ్లు తక్కువ. మర్నాడు ముగ్గురికీ నోటీసులు వెళ్లాయి. వాళ్ల లాయర్లు గడువు అడిగితే చట్టం ఇచ్చినంత ఇచ్చింది. సభలో బసవరాజు లేచి, ఇంకా గడువు ఏమిటి, ఈరోజే తేల్చాలని పది నిమిషాల పాటు గర్జించాడు. ఆమె గంట కొట్టింది. మీ సమయం అయిపోయింది, కూర్చోండి అంది. అతను ఆమె వైపు చూసి కూర్చున్నాడు. అధికార పక్షం బల్లలు చరిచింది. వెంటనే వాళ్లవైపు తిరిగి, బల్లలు చరిచిన మంత్రి పేరు పెట్టి మందలించింది. ఆ రోజుకు రెండు పక్షాలకూ ఆమె కానిదైంది.

* * *

సభ వాయిదా పడ్డాక ఆదోని వచ్చింది. రైలు దిగినప్పుడు దండలు లేవు, టపాకాయలు లేవు. రామసుబ్బయ్య ఒక్కడే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఇల్లు చేరేసరికి వాకిట్లో దేవేంద్రప్ప నిచ్చెన మీద ఉన్నాడు. గేటు మీది పార్టీ జెండా దించుతున్నాడు. కింద ఆఫీసు బోర్డు అప్పటికే గోడకు ఆనించి ఉంది. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు. జెండాను నేలకు తగలనివ్వకుండా చేతుల మీద మడత పెట్టి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాడు.

ఆమె అరుగు మీద కూర్చుని అతన్ని పక్కన కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"ఇంగ నీకు పార్టీ లేదంటాండారు. నిజమేనా అక్కా?"

"నిజమే."

"వచ్చే ఎలచ్చన్లకు మన గుర్తు మీద నిలబడవు?"

"ఆ గుర్తు మీద అడగను. ఈ కుర్చీలో కూర్చుని అడిగితే ఏం బాగుంటాది?"

అతను తల ఊపాడు. ఆ తల ఊపడంలో దుఃఖం లేదు. ఏదో లెక్క తేలినట్టు ఉంది. జెండాను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"అట్లయితే సీటు ఖాళీ అయినట్టే గదా. అనిల్ సారు పిలిపించినాడు. నేను పోయి వచ్చినా. నన్నే నిలబడమంటాండారు."

ఒక్క క్షణం ఆమెకు ఒళ్లు మండింది. నామినేషన్ సిరా ఆరకముందే అనుకుంది. మాట పెదవుల దాకా వచ్చింది. అంతలో అతని ముఖం చూసింది. అతను ఆమె కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు. తనకంటే రెండు మెట్లు కింద కాకుండా, ఎదురుగా, సమానంగా నిలబడి. ఇన్నేళ్లలో అతన్ని ఆమె ఇలా చూడలేదు. అతను ఎప్పుడూ ఆమె వైపు మనిషే. ఈరోజే మొదటిసారి, ఆమె వైపు మనిషి కాదు.

కోపం ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. దాని చోట ఇంకేదో, నవ్వులాంటిది, లేచింది.

"మంచిది దేవేంద్రప్పా. నిలబడు."

"నువ్వు ఊర్లలో ఒక మాట సెప్తే..."

"చెప్పను. నీకూ చెప్పను, నీ మీద నిలబడేవాడికీ చెప్పను."

"తెలుసు. తెలిసే అడిగినా."

అతను చెప్పులు వేసుకున్నాడు. నిచ్చెన భుజానికి ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి, చేతులు ఖాళీ లేక తలతోనే నమస్కారం పెట్టాడు.

"వస్తా మేడమ్."

ఆ పిలుపు వాకిట్లో కాసేపు నిలిచిపోయింది. రామసుబ్బయ్య భార్య వైపు చూశాడు. ఆమె గేటు వైపు చూస్తోంది. అక్కడ దేవేంద్రప్ప ఆగి, నిచ్చెనతో పాటు వెనక్కి తిరిగాడు.

"మాట వద్దులే. ఓటైనా ఏస్తావా?"

"అది రహస్యం," అంది స్పీకర్.

అతను గేటులో నిలబడి పగలబడి నవ్వాడు. ఆమె కూడా.